కేబుల్ పెట్టేటప్పుడూ, తీసేటప్పుడూ

2013లో సిస్కో సంస్థ తన క్యాటలిస్ట్ 3650, 3850 నెట్‌వర్క్ స్విచ్‌లు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక పంపింది. 48 పోర్టులున్న ఆ స్విచ్‌లలో మొదటి పోర్టుకు సరిగ్గా పైన ‘మోడ్’ అని ఒక చిన్న బటన్ ఉంటుంది. కొన్ని నెట్‌వర్క్ కేబుళ్లకు కొసన, క్లిప్పు విరిగిపోకుండా, రబ్బరు తొడుగు వస్తుంది. అలాంటి కేబుల్‌ని ఆ పోర్టులో పెడితే తొడుగు మీదిభాగం వెళ్లి బటన్‌ని నొక్కి పట్టేస్తోంది. కాసేపు అలా నొక్కుకుని ఉంటే స్విచ్ రీసెట్ అవుతోంది. ఆ స్విచ్ మీద ఆధారపడ్డ వాళ్లందరికీ ఒక్కసారిగా నెట్ పోతుంది. తొడుగు లేని కేబుల్ వాడండి, లేదా తొడుగు కోసేయండి, అదీ కాకపోతే బటన్ చేసే ఆ పనిని కమాండ్‌తో ఆపేయండి అని సిస్కో సూచించింది.

కేబుల్ పెట్టిన మనిషి ఇందులో చేసిన తప్పేమీ లేదు. నెట్‌వర్క్ పరికరాలు ర్యాక్‌లో కదలకుండా కూర్చున్నంతకాలం ఏళ్ల తరబడి నడుస్తాయి. వాటికి గండం ఎక్కువగా కేబుల్ లోపలికి వెళ్లే అర సెకనులోనూ, బయటికి వచ్చే అర సెకనులోనూ ఉంటుంది. అందుకే కనెక్టర్లను రూపొందించినవాళ్లు ఏది ముందు తాకాలి, ఏది చివర విడిపోవాలి, ఎంత దూరం రాసుకోవాలి అని ఆ క్షణం గురించి చాలా ఆలోచించారు. ఆ ఆలోచన తెలిసినవాడి చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుందని నా నమ్మకం.

నెట్ రాకపోతే ఎవరైనా ముందు అనుమానించేది లూజ్ కాంటాక్టునే. ఆ అనుమానం చాలాసార్లు నిజమవుతుంది. ఎంత నునుపుగా కనిపించే లోహమైనా సూక్ష్మదర్శిని కింద కొండలూ లోయలూ ఉన్న నేలలా ఉంటుంది. రెండు లోహపు ముక్కలు తాకినప్పుడు నిజంగా తాకేది ఆ కొండల శిఖరాలు మాత్రమే. కరెంటంతా ఆ కొద్దిపాటి చుక్కల గుండానే పోవాలి. ఇరవయ్యో శతాబ్దంలో రాగ్నార్ హోల్మ్ అనే శాస్త్రవేత్త జీవితంలో చాలాభాగం ఈ చుక్కలను అర్థం చేసుకోవడానికే వెచ్చించాడు. ‘ఎలక్ట్రిక్ కాంటాక్ట్స్’ అనే ఆయన పుస్తకం ఈ రంగానికి ఇప్పటికీ పునాది. ఒత్తిడి పెరిగితే చుక్కలు పెరుగుతాయి, నిరోధం తగ్గుతుంది. మధ్యలోకి దుమ్మో, చిలుమో చేరితే దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది.

మనం ఆర్‌జె45 అని పిలిచే పిన్నులో ఎనిమిది చిన్న లోహపు పలకలు ఉంటాయి. వాటి మీద ముందు నికెల్, దాని మీద బంగారం పూస్తారు. మంచి రకంలో బంగారం మందం దాదాపు 1.27 మైక్రాన్లు. బంగారానికి చిలుము పట్టదు, కింద ఉన్న నికెల్ రాగిని పైకి రానివ్వదు. జాక్ లోపల ఎనిమిది స్ప్రింగు తీగలుంటాయి. ఒక్కో తీగ ఒక్కో పలక మీద సుమారు 100 గ్రాముల బరువంత ఒత్తిడితో ఆనుతుంది. పిన్ను లోపలికి వెళుతున్నప్పుడు తీగలు పలకల మీద కొంతదూరం రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడి కావాలని పెట్టిందే, అది పైన పేరుకున్న సన్నని మురికి పొరను గీకేస్తుంది. పనిచేయని కేబుల్‌ని ఒకసారి తీసి పెడితే పనిచేయడం మొదలుపెట్టేది ఇందువల్లే. అలాగని అస్తమానం తీసి పెడుతుంటే బంగారం అరిగిపోతుంది. ఈ జాక్‌లు కనీసం 750 సార్లు పెట్టి తీసినా పనిచేయాలని అంతర్జాతీయ ప్రమాణం అడుగుతుంది. ఇంట్లో వాడకానికి అది చాలా ఎక్కువ. రోజూ పది లాప్‌టాప్‌లు తగిలించి పరీక్షించే సర్వీస్ సెంటర్ జాక్‌కి మాత్రం ఆ హామీ రెండున్నర నెలల్లోనే అయిపోతుంది. అలాంటి చోట జాక్‌కి ఒక చిన్న కేబుల్ శాశ్వతంగా తగిలించి, దాని రెండో కొసనే వాడుకోవడం మేలు. అరిగితే ఆ కేబుల్ అరుగుతుంది, అసలు జాక్ మిగులుతుంది.

పెట్టేటప్పుడు పిన్నుని తిన్నగా పట్టుకుని ‘క్లిక్’మని వినిపించేదాకా నెట్టాలి. తర్వాత కేబుల్‌ని మెల్లగా వెనక్కి లాగి చూడాలి, రాకూడదు. తీసేటప్పుడు చాలామంది క్లిప్పుని నొక్కి బలంగా లాగుతారు. క్లిప్పు బిగుసుకుని ఉంటే ఆ బలానికి విరుగుతుంది. ముందు పిన్నుని వెంట్రుకవాసి లోపలికి నెట్టండి. క్లిప్పు మీద భారం తగ్గుతుంది, అప్పుడు బొటనవేలితో నొక్కితే సుళువుగా వస్తుంది. లాగాల్సింది పిన్నుని, కేబుల్‌ని కాదు. కేబుల్ పట్టి లాగితే లోపల తీగలు పలకల నుంచి జరిగిపోతాయి.

ఇక్కడ కళ్లతోనే తేల్చుకోగలిగిన విషయం ఒకటుంది. పిన్ను వెనకనుంచి చూస్తే బూడిదరంగో నీలంరంగో పైతొడుగు పిన్ను లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ పన్ను కింద అణిగి ఉండాలి. అలా కాకుండా నారింజ, ఆకుపచ్చ, గోధుమరంగు తీగలు బయట విడివిడిగా కనిపిస్తున్నాయంటే పిన్నుని కేబుల్‌కి బిగించే పని (క్రింపింగ్) సరిగా జరగలేదు. కేబుల్‌ని ఎవరు కదిలించినా ఆ భారం నేరుగా సన్నని తీగల మీదే పడుతుంది. పైగా ఆ తీగలు జంటలు జంటలుగా మెలివేసి ఉండటానికి కారణం ఉంది. మెలిక వల్ల బయటి అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి రద్దయిపోతుంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పిన్ను దగ్గర ఈ మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు.

లూజ్ కాంటాక్టు ప్రతిసారీ నెట్‌ని పూర్తిగా ఆపేయదు, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. గిగాబిట్ వేగానికి నాలుగు జంటలూ కావాలి. 100 మెగాబిట్లకు 1, 2, 3, 6 నంబర్ల తీగలు చాలు. మిగతా వాటిలో ఒకటి వదులైతే చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పదోవంతుకు పడిపోతుంది. కంపెనీకి ఫోన్ చేసే ముందు లింకు ఎంత వేగంలో ఉందో సెట్టింగుల్లో ఒకసారి చూసుకోండి. అక్కడ 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే పిన్నులనే అనుమానించాలి.

పాత ల్యాండ్‌లైన్ ఫోను పిన్ను నెట్‌వర్క్ జాక్‌లో పడుతుంది. పడుతుంది కదా అని పెట్టకూడదు. అది వెడల్పు తక్కువ కాబట్టి దాని ప్లాస్టిక్ అంచులు జాక్‌లో ఆ చివర, ఈ చివర ఉన్న తీగలను వంచేస్తాయి. ఫోను లైన్లో మామూలుగా 48 వోల్టులు ఉంటుంది, గంట మోగేటప్పుడు దాని మీద 75 నుంచి 90 వోల్టుల ఏసీ తోడవుతుంది. నెట్‌వర్క్ పోర్టు అలాంటి వోల్టేజిని తట్టుకునేలా తయారైంది కాదు.

ఈ రోజుల్లో నెట్‌వర్క్ కేబుల్ సమాచారంతో పాటు కరెంటునీ మోస్తోంది. సీసీ కెమెరాలు, ఆఫీసుల్లో ఐపీ ఫోన్లు, సీలింగుకు బిగించిన వైఫై పరికరాలు చాలావరకు ఇలాగే నడుస్తున్నాయి. దీన్ని పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటారు. 2003లో వచ్చిన మొదటి ప్రమాణంలో స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్లు ఇచ్చేది. 2009లో అది 30 వాట్లయింది, 2018లో 90 వాట్లకు చేరింది. వోల్టేజి 44 నుంచి 57 మధ్య ఉంటుంది.

పీఓఈలో నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. కేబుల్ పెట్టగానే స్విచ్ పూర్తి కరెంటు వదలదు. ముందు 10 వోల్టుల లోపు చిన్న వోల్టేజి పంపి అవతల ఉన్నది ఏమిటో ఆరా తీస్తుంది. అటునుంచి సుమారు 25 కిలో ఓముల నిరోధం కనిపిస్తేనే, ఇది కరెంటు కోరే పరికరమే అని నిర్ధారించుకుని అప్పుడు ఇస్తుంది. కాబట్టి పెట్టేటప్పుడు నిప్పురవ్వ రాదు. కేబుల్‌లోకి కరెంటు ఎక్కించడానికి బజారులో చవకగా దొరికే ‘పాసివ్’ ఇంజెక్టర్లకు ఈ వివేకం లేదు. అవి ఏది తగిలించినా కరెంటు తోసేస్తాయి. అలాంటిదాని కేబుల్‌ని లాప్‌టాప్‌లో పెట్టే ముందు వంద సార్లు ఆలోచించాలి.

తీసేటప్పుడు కథ వేరు. కరెంటు పారుతుండగా పలక, తీగ విడిపోతే చివరి చుక్క దగ్గర సన్నని మెరుపు పుడుతుంది. కంటికి కనిపించదు గానీ బంగారం మీద గుంట పడుతుంది. జాక్ రూపొందించినవాళ్లకు ఇది తెలుసు. అందుకే పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లాక తీగ నిలిచే చోటు వేరు, బయటికి వస్తూ చివరగా విడిపోయే చోటు వేరు అయ్యేలా మంచి జాక్‌ని మలుస్తారు. మెరుపు గుంటలు పెట్టేది రెండో చోట, మన సమాచారం నడిచేది మొదటి చోట. ‘క్లిక్’ వినిపించేదాకా నెట్టకుండా సగంలో వదిలేసిన పిన్ను ఆ మంచి చోటికి చేరనే లేదన్నమాట. వీలైతే స్విచ్‌లో ఆ పోర్టుకి కరెంటు ఆపి ఆ తర్వాతే కేబుల్ తీయాలి, ముఖ్యంగా 60, 90 వాట్ల పోర్టుల్లో.

ఇంకో సంగతి. పరికరం ఊడిపోయిందని గ్రహించి కరెంటు ఆపడానికి స్విచ్‌కి 0.3 నుంచి 0.4 సెకను పడుతుంది. కెమెరా నుంచి పీకి, రెప్పపాటులో ఇంకో పరికరంలో పెడితే, ఆరా తీయకుండానే పాత కరెంటు కొత్తదానిలోకి పోయే అవకాశం ఉంది. పీకాక రెండు మూడు సెకన్లు ఆగడంలో పోయేదేమీ లేదు.

కేబుల్‌లో ఏ కరెంటూ లేదనుకున్నప్పుడు కూడా ఉండవచ్చు. కొత్త కేబుల్‌ని పైపు గుండానో, కార్పెట్ మీదనో లాగినప్పుడు ఆ రాపిడికి దానిలో స్థిర విద్యుత్తు చేరుతుంది. రెండు కొసలూ దేనికీ తగలకుండా ఉంటే ఆ విద్యుదావేశం గంటల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ అది దాచుకునే ఆవేశమూ పెరుగుతుంది. తీసుకెళ్లి స్విచ్‌లో పెట్టగానే అంతా ఒక్క పెట్టున పోర్టులోకి దిగుతుంది. మనిషి వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి, చిప్పులు పాడవడానికి కొన్ని వందల వోల్టులు చాలు. అంటే మనకు ఏమీ తెలియకుండానే పని జరిగిపోతుంది. పోర్టు వెంటనే చచ్చిపోతే ఒక రకంగా నయమే. దెబ్బతిని, నెలల తర్వాత అప్పుడప్పుడు తప్పులు చేసే పోర్టు చాలామంది నిద్ర పాడుచేస్తుంది. పొడవాటి కొత్త కేబుల్ లాగినప్పుడు దాన్ని స్విచ్‌కి తగిలించే ముందే, ఎర్త్‌కి కలిపిన సాధనంతో దానిలోని ఆవేశాన్ని దించేయాలి. స్విచ్‌లోకి కార్డులు, మాడ్యూళ్లు పెట్టేవాళ్లు మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోవాలి. పెద్ద పరికరాలకు ఆ పట్టీ తగిలించే చోటు ముందుభాగంలోనే ఇస్తారు.

ఎస్‌ఎఫ్‌పి అనే వేలెడంత మాడ్యూల్ చూడండి. ఫైబర్‌ని స్విచ్‌కి కలిపేది అదే. దాని కొసన ఉన్న 20 బంగారు గీతలన్నీ ఒకే పొడవు ఉండవు. కొన్ని అంచుకు దగ్గరగా మొదలవుతాయి, కొన్ని వెనక్కి ఉంటాయి. లోపలికి నెడుతున్నప్పుడు ముందు గ్రౌండు తాకుతుంది, తర్వాత 3.3 వోల్టుల కరెంటు, చివర సంకేతాలు. తీసేటప్పుడు దీనికి తిరగబడిన వరస. స్విచ్ ఆపకుండానే దీన్ని మార్చగలగడం వెనక ఉన్న రహస్యం ఇంతే. మన ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉండటానికీ కారణం ఇదే. ఎస్‌ఎఫ్‌పి తీసేటప్పుడు ముందు ఫైబర్ కేబుల్ తీసి మూత పెట్టాలి, తర్వాత తీగలాంటి కొక్కేన్ని దించి మాడ్యూల్‌ని లాగాలి. ఫైబర్ తగిలించి ఉండగా దాన్నే పట్టుకుని లాగితే గాజు విరుగుతుంది, కొక్కెం వంగుతుంది, మాడ్యూల్ అక్కడే ఇరుక్కుంటుంది.

గాజు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇళ్లలోకి వద్దాం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఊళ్లకు నెట్, టీవీ, ఫోను ఇచ్చిన పథకం అది. ఇప్పుడు ఇతర కంపెనీలవి కూడా కలిపి లెక్కేస్తే, మన దగ్గర ఎన్నో ఇళ్లలో గోడ మీది పెట్టెలోకి ఒక ఆకుపచ్చ పిన్ను వెళుతుంది. ఆ ఇళ్లవాళ్లకు దాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పి ఉండరు.

ఆ పిన్ను మూత తీస్తే మధ్యలో 2.5 మిల్లీమీటర్ల తెల్లని పింగాణీ కడ్డీ కనిపిస్తుంది. దాని నట్టనడుమ 125 మైక్రాన్ల గాజుపోగు ఉంటుంది. ఆ పోగులోనూ వెలుగు నడిచేది సుమారు 9 మైక్రాన్ల నడిమి భాగంలోనే. మనిషి వెంట్రుక 70 మైక్రాన్లు అనుకుంటే దాంట్లో ఎనిమిదో వంతు. రెండు పోగుల కొసలు ఒకదానికొకటి గాలి కూడా దూరకుండా ఆనాలి, అందుకోసం లోపల స్ప్రింగు నొక్కుతూ ఉంటుంది. మధ్యలో దుమ్ము కణం ఒకటి పడితే వెలుగు ఆగడం ఒక్కటే కాదు, స్ప్రింగు ఒత్తిడికి ఆ కణం నలిగి రెండు గాజుల మీదా గీతలు పెడుతుంది. తర్వాత దుమ్ము తుడిచినా గీతలు పోవు. అందుకే తుడవాల్సింది పెట్టకముందు, అదీ రెండు వైపులా.

ఒక ఆపరేటర్ పోర్టు నుంచి బయల్దేరిన వెలుగుని దారిలో స్ప్లిట్టర్లు 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతాయి. మన పెట్టెకి చేరేసరికి మిగిలేది మైక్రోవాట్ల లెక్కలో ఉంటుంది. పెట్టె దానితోనే సరిపెట్టుకునేలా తయారైంది గానీ, ఆ కొంచెంలోంచి దుమ్ము ఇంకొంత మింగేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది. పొద్దున బాగుండి సాయంత్రం పోయే కనెక్షన్ల వెనక చాలాసార్లు ఇలాంటి మురికి పిన్నో, మేకుకు గట్టిగా చుట్టిన కేబులో ఉంటుంది. మామూలు ఫైబర్‌ని 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదు. ఇళ్ల కోసం చేసిన కొత్త రకాలు 10 దాకా, కొన్ని 7.5 దాకా ఓర్చుకుంటాయి.

తుడవడానికి పైట చెంగు, చొక్కా అంచు పనికిరావు. వాటి నూగు అంటుకుంటుంది. వేలితో తాకితే జిడ్డు, నోటితో ఊదితే తేమ. మందుల షాపులో కొన్న స్పిరిట్‌లో నీళ్లు కూడా ఉంటాయి, ఆరాక మరక మిగులుతుంది. టెక్నీషియన్ల దగ్గర ‘క్లిక్’మనే పెన్నులాంటి క్లీనర్ ఉంటుంది, దారం లోపలే తిరుగుతూ కొసను తుడుస్తుంది. కొత్త ప్యాకెట్ విప్పిన పిన్నునీ తుడవాలి, ఎందుకంటే మూతలకే దుమ్ము ఉంటుంది. ఇంట్లో ఇవేవీ లేనివాళ్లు ఆ పిన్నుని అనవసరంగా తీయకపోవడమే మంచిది. తీయక తప్పకపోతే పైతొడుగుని పట్టుకుని తిన్నగా లాగి, వెంటనే పిన్నుకీ పెట్టె రంధ్రానికీ మూత పెట్టండి.

రంగు కూడా చూసుకోవాలి. ఆకుపచ్చ పిన్ను కొసను 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీస్తారు, నీలం పిన్ను కొసకు ఆ ఏటవాలు ఉండదు. ఏటవాలు వల్ల తిరుగుముఖం పట్టిన వెలుగు పోగులోంచి పక్కకు జారిపోతుంది, వచ్చిన దారిన వెనక్కి పోయేది పది లక్షల వంతుల్లో ఒక వంతుకి మించదు. కేబుల్ టీవీ సంకేతం అదే పోగులో వస్తున్నప్పుడు ఇది చాలా అవసరం. ఆకుపచ్చని నీలంలో పెడితే లోపలికి వెళుతుంది, క్లిక్ కూడా వినిపిస్తుంది, కానీ గాజుల మధ్య ఖాళీ మిగిలి వెలుగులో పెద్దభాగం పోతుంది. బలవంతాన నొక్కితే కొసలు దెబ్బతింటాయి.

పిన్నులోకి కన్ను పెట్టి చూడటం మాత్రం ఎవరూ చేయకూడదు. ఇళ్లకు వచ్చే వెలుగు సాధారణంగా 1490 నానోమీటర్లది, కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప పడదు. ఇంటి దగ్గర అది బలహీనమే, కానీ ఏ కేబుల్ అవతల ఎంత బలమైన లేజర్ ఉందో చూసి చెప్పలేం. కోసిన ఫైబర్ ముక్కల గురించి టెక్నీషియన్లకు ఒక మనవి. అవి గాజు ముళ్లు, చర్మంలో దిగితే కనిపించవు, తీయడమూ కష్టం. పసిపిల్లలు పాకే నేల మీద వాటిని రాల్చి వెళ్లకండి. ఒక టేపు ముక్కకి అంటించి, మూతున్న డబ్బాలో వేసుకుపోవడానికి నిమిషం చాలు.

చివరగా ఎర్త్. ర్యాక్‌లోని పరికరానికి అన్నిటికంటే ముందు బిగించాల్సింది, అన్నిటికంటే చివర విప్పాల్సింది ఎర్త్ తీగనే. పవర్ సప్లై లోపల ఉండే ఫిల్టర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ లోహపు పెట్టెలోకి కారుతుంటుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది. లేకపోతే కేబుల్ పై కవచం మీదుగానో, స్విచ్‌ని తాకిన మనిషి మీదుగానో దారి వెతుక్కుంటుంది. పెట్టెని తాకితే జిల్లుమంటోందంటే కేబుళ్ల జోలికి వెళ్లకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

రెండు భవనాల మధ్య రాగి కేబుల్ లాగినచోట ఎర్త్ సంగతి ఇంకా ముఖ్యం. ఒక భవనం ఎర్త్‌కీ ఇంకో భవనం ఎర్త్‌కీ మధ్య వోల్టేజి తేడా ఉంటుంది, దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా వేల వోల్టులకు పోతుంది. పోర్టు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టులకు తట్టుకునేలా చేసింది, పిడుగుకి కాదు. అలాంటి చోట ఫైబర్ వేయించుకోవడమే సరైన పరిష్కారం. ఉన్న రాగి కేబుల్‌ని వానాకాలంలో తీసి పెట్టుకోవాలనుకుంటే మబ్బు పట్టకముందే తీయాలి. మొదటి ఉరుము వినిపించాక దాన్ని ముట్టుకోకూడదు, చివరి ఉరుము వినిపించి అరగంట దాటేదాకా ఆగాల్సిందే.